బంగాళాఖాతం, సెకనుకు 18 ఫ్రేములు

జనవరి, సంక్రాంతి వెళ్లాక

పెద్ద మావయ్య ఇనప్పెట్టెలోని 8 ఎంఎం ఇంటి సినిమా రీళ్లన్నీ విశాఖపట్నం నుంచి హైదరాబాద్ చేరాయి. డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి ఒక్కొక్కటే బయటికి తీశాను. చాలావరకు 50 అడుగుల చిన్న రీళ్లు, అరచేతిలో ఇమిడిపోయేవి. కొన్నింటిని మావయ్యే తర్వాత అతికించి పెద్ద రీళ్లకు చుట్టాడు. డబ్బాల మీద ఆయన చేతిరాత: "భీమిలి – వేసవి", "రుషికొండ – పిల్లలు", "ఆర్.కె. బీచ్ – కార్తీక పౌర్ణమి", "పూరీ". సంవత్సరం మాత్రం ఎక్కడా వేయలేదు.

మావయ్య సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేశాడు. సెలవు దొరికి ఇంటికొస్తే చాలు, అందర్నీ అంబాసిడర్‌లో కుక్కి సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లేవాడు. ఏడాదంతా నీళ్ల మీదే ఉండే మనిషికి సెలవుల్లోనూ సముద్రమే ఏమిటని అత్తయ్య విసుక్కునేదట. ఆయన పోయాక ఆ పెట్టె అటక మీదే ఉండిపోయింది. ఇంట్లో ప్రొజెక్టర్ ఉంది గానీ బెల్టు సాగిపోయి, బల్బు మాడిపోయి ఎప్పుడో మూలన పడింది. పెట్టెలో ఏముందో నా తరంవాళ్లెవరికీ సరిగ్గా తెలియదు.

వీటిని డిజిటల్‌గా మార్చాలంటే ముందు ఏది ఏ రకమో విడదీయాలి. రెగ్యులర్ 8 కోడాక్ 1932లో తెచ్చిన ఫిలిం. 16 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీని కెమెరాలో ఒక సగం మీద తీసి, తిప్పి పెట్టి రెండో సగం మీద తీసేవారు. ల్యాబువాళ్లు దాన్ని నిలువునా చీల్చి, ఒకదాని చివర ఇంకోటి అతికించి ఇచ్చేవారు. 1965లో వచ్చిన సూపర్ 8తో ఆ గొడవ పోయింది. ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్ కెమెరాలో దోపడం, బటన్ నొక్కడం, అంతే. పట్టీ వెడల్పు అదే 8 మిల్లీమీటర్లు, అయితే ఫిలింను లాగడానికి అంచున ఉండే రంధ్రాన్ని చిన్నది చేసి ఆ మిగిలిన జాగా బొమ్మకిచ్చారు. రంధ్రం పెద్దగా, రెండు ఫ్రేముల మధ్య గీత దగ్గర ఉంటే రెగ్యులర్. చిన్నగా, ఫ్రేముకు సరిగ్గా నడుమ ఉంటే సూపర్. మావయ్యవి కొన్ని మాత్రమే రెగ్యులర్, మిగతావన్నీ సూపర్.

50 అడుగుల సూపర్ 8లో 3600 ఫ్రేములు. సెకనుకు 18 చొప్పున వేస్తే 3 నిమిషాల 20 సెకన్లు. ఒక సాయంత్రం బీచికి ఆ మూడు నిమిషాలే. అందుకే షాట్లన్నీ ఆరేడు సెకన్లవే. ఫోన్‌తో అరగంట తీసి మళ్లీ చూడని మనకి ఆ పొదుపు అర్థం కావడం కష్టం.

జనవరి చివర

పెట్టె తెరిస్తే గుప్పున కలరా ఉండల వాసన. అది మంచిది కాదు, నాకు కావలసిన వాసనను అది కప్పేస్తుంది. ఈ ఫిలిం ఆధారం ఎసిటేట్ అనే ప్లాస్టిక్. తేమలో, వేడిలో ఏళ్ల తరబడి ఉంటే అది విడిపోతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. వెనిగర్ వాసన మొదలైందంటే ఫిలిం ముడుచుకుంటోందని, వంకర్లు పోతోందని లెక్క. సముద్రం పక్క ఇంట్లో, అటక మీద, అదీ విశాఖ ఉక్కపోతలో ఇన్నేళ్లున్న రీళ్లు కాబట్టి ముక్కును నమ్మలేదు. అమెరికాలోని రాచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు ఇందుకోసమే చేసే ఏ-డి స్ట్రిప్స్ తెప్పించాను. నీలం కాగితం ముక్క. రీలుతో పాటు డబ్బాలో పెట్టి మూతేసి ఒక రోజు వదిలేస్తే, ఆమ్లం ఉన్నకొద్దీ ఆకుపచ్చకీ, బాగా ముదిరితే పసుపుకీ తిరుగుతుంది. చాలా డబ్బాల్లో నీలం నీలంగానే ఉంది. కొన్ని ఆకుపచ్చకు దిగాయి. ఒక రెగ్యులర్ 8 రీలు డబ్బాలో కాగితం పసుపుకి దగ్గరగా వచ్చింది. దాన్ని విడిగా పెట్టాను, ఆకుపచ్చవాటి పని ముందు అవ్వాలి.

బూజు కూడా ఉంది. భూతద్దంలో చూస్తే సాలెగూడు లాంటి తెల్లటి గీతలు బొమ్మలోకే పాకాయి. పైపైన ఉన్నదాన్ని మెత్తటి గుడ్డ మీద 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, ఫిలింను రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా లాగుతూ తుడిచాను. నీళ్లు తగలకూడదు. బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో, బూజు తిన్న చోట అది నీటికి కరిగి ఊడొస్తుంది. గుడ్డ మీద మట్టి మరకలతో పాటు గరగర తగిలిన నలుసు ఇసుకే అయ్యుండాలి. బీచిలోనే కార్ట్రిడ్జ్ మార్చి ఉంటాడు.

ఫిబ్రవరి

ఊళ్లో ఒక షాపులో డిజిటైజ్ చేస్తామంటే శాంపిల్ అడిగాను. గోడ మీద ప్రొజెక్టర్ వేసి ఎదురుగా కెమెరా పెట్టి తీసిందది. తెర మినుకు మినుకుమంటోంది. ప్రొజెక్టర్ షట్టర్‌కి మూడు రెక్కలుంటాయి, 18 ఫ్రేములకు సెకనులో 54 సార్లు వెలుగు ఆగి ఆగి వస్తుంది. వీడియో కెమెరా 25 లేదా 30 చొప్పున పట్టుకుంటుంది. రెండూ కలవవు. పైగా ముడుచుకున్న ఫిలింను మామూలు వేగంతో లాగితే రంధ్రాలు చిరుగుతాయి. సొంతంగా స్కానర్ కట్టుకోవడమే మేలనిపించింది.

మావయ్య ప్రొజెక్టర్‌నే విప్పాను. ఆస్ట్రియాలో తయారైన ఆయ్‌మిగ్. ఆ కంపెనీ 1980ల మొదట్లోనే మూతపడింది. మోటారు, షట్టర్ రెక్కలు, బల్బు తీసేశాను. గేటు, ఫిలింను ఒక్కో ఫ్రేము చొప్పున కిందికి దించే పంజా ఉంచాను. మోటారు బదులు, ఒక్కో మెట్టు చొప్పున ఆగుతూ తిరిగే చిన్న స్టెప్పర్ మోటారు. బల్బు బదులు రంగులు సరిగ్గా చూపించే తెల్ల ఎల్ఈడీ, దాని ముందు వెలుగు సమంగా పరుచుకోవడానికి పాలరంగు అక్రిలిక్ ముక్క. పాత హాలోజన్ బల్బు ముందు ఫిలిం ఒక్క క్షణం నిలిచినా మధ్యలోంచి కరిగి బుడగలొస్తుంది. ఎల్ఈడీతో ఆ భయం లేదు, గంటసేపు ఒకే ఫ్రేము పెట్టుకు చూడొచ్చు.

కెమెరా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి తగిలించే హెచ్‌క్యూ. ఇందులోని సెన్సర్ వెడల్పు 6.3 మిల్లీమీటర్లు, సూపర్ 8 ఫ్రేము వెడల్పు 5.8. అంటే బొమ్మను పెంచక్కర్లేదు, తగ్గించక్కర్లేదు, దాదాపు ఉన్నదున్నట్టు సెన్సర్ మీద పడితే చాలు. ఫొటోలు కడిగే ఎన్‌లార్జర్ నుంచి తీసిన 50 ఎంఎం లెన్సు తిరగేసి బిగించాను, అంచుల దాకా స్పష్టంగా వస్తోంది. రంధ్రం కూడా ఫ్రేములో పడేలా కొంచెం వెనక్కి జరిపాను. ఎందుకంటే పాత పంజా ప్రతి ఫ్రేమునూ ఒకే చోట నిలపదు, వెంట్రుకవాసి పైకీ కిందికీ ఆడుతుంది. రంధ్రం అంచు ఎక్కడుందో ప్రోగ్రాం వెతికి, దాన్ని బట్టి బొమ్మను జరిపితే ఆ ఊగిసలాట పోతుంది. చెయ్యి ఊపు మాత్రం పోదు, అది మావయ్యది, పోవాలని నేనూ అనుకోవడం లేదు.

ఒక్కో ఫ్రేము మూడు వెలుగు స్థాయిల్లో తీసి కలుపుతున్నాను. ఎక్కువ రీళ్లు కోడాక్ వాళ్ల కలర్ ఫిలిం కోడాక్రోమ్, అందులో నీడలు బాగా చిక్కగా ఉంటాయి. ఎండలో ఇసుక సరిగ్గా రావాలంటే గొడుగు కింద కూర్చున్నవాళ్లు నల్లగా అయిపోతారు. ఫ్రేముకు రెండు సెకన్లు పడుతోంది. మూడు నిమిషాల రీలుకు రెండు గంటలు. రాత్రి పెట్టి పడుకుందామంటే టెన్షన్, ఎక్కడ అతుకు ఊడి పంజాకు చుట్టుకుంటుందోనని.

మార్చి మొదట్లో

మొదటి రీలు "భీమిలి – వేసవి". కోడాక్రోమ్ 40. కంప్యూటర్‌లో తెరిచిన మొదటి ఫ్రేము చూసి కాసేపు నోట మాట రాలేదు. పిన్ని ఎర్ర పరికిణీ నిన్న కొన్నంత ఎర్రగా ఉంది. చీకట్లో ఉంచిన కోడాక్రోమ్ రంగులు వెలవవని చదివానే గానీ కళ్లతో చూడటం వేరు. డచ్చివాళ్ల సమాధుల మధ్య పిల్లలు పరిగెత్తుతున్నారు, వెనక మొనదేలిన ఇటుక కట్టడాలు. తర్వాతి షాట్‌లో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట అమ్మమ్మ మోకాల్లోతు నీళ్లలో నిలబడి, పసుపు కుంకుమ నీళ్లలో వదిలి, దోసిట్లోంచి ఒక నాణెం విసిరింది. వెంటనే ఎవరైనా ఏరుకుంటున్నారేమోనని వెనక్కి తిరిగి చూసింది.

ఈ ఫిలిం వచ్చిన దారి చిత్రమైనది. అప్పట్లో ఇంగ్లండ్‌లో కోడాక్రోమ్ కొంటే కడిగే ఖర్చు ధరలోనే కలిసి ఉండేది. తీసిన కార్ట్రిడ్జ్‌ను కవర్లో పెట్టి హెమెల్ హెంప్‌స్టెడ్‌లోని కోడాక్ ల్యాబుకు పోస్టు చేస్తే రీలుగా తిరిగొచ్చేది. ఇంట్లో కడుక్కునే ఫిలిం కాదది. రంగులు కడిగేటప్పుడే చేరతాయి, దానికి పెద్ద ల్యాబే కావాలి. మావయ్య ఓడ ఇంగ్లండ్ రేవుకు చేరినప్పుడు కొన్న ఫిలింను భీమిలిలో తీసి, మళ్లీ అటు వెళ్లినప్పుడు పోస్టు చేసేవాడు. ఈ వేసవిలో తడిసిన కాళ్లు ఇంట్లోవాళ్లు చూసుకునేది వచ్చే ఏడాది సెలవుల్లో.

అన్ని రీళ్లూ ఇంత అదృష్టం చేసుకోలేదు. కోడాక్‌దే మరో రకం కలర్ ఫిలిం, ఎక్టాక్రోమ్ రీళ్లు కొన్నింటిలో నీలం, ఆకుపచ్చ వెలిసిపోయి బంగాళాఖాతం గులాబీ రంగుకు తిరిగింది. సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిక్ సవరణ నొక్కితే చాలావాటికి ఫరవాలేదు, ఒక్క ఎర్రమట్టి దిబ్బల రీలుకు తప్ప. అక్కడ తెర నిండా ఉన్నది నిజంగా ఎరుపే. ఎరుపు ఎక్కువైందని సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేసి దిబ్బల్ని బూడిద కుప్పలు చేసింది. చేత్తోనే సరిచెయ్యాలి. ఏదో ఒకటి తెల్లటిది దొరికితే దాన్నిబట్టి మిగతా రంగులు కుదురుతాయి. మొదట తాతయ్య పంచె మీద పెట్టి చూశాను, అంతా పసుపెక్కింది. అమ్మను అడిగితే నవ్వింది: "ఆ పంచెలకి నీలిమందు పెట్టేవాళ్లంరా, తెలుపెక్కడిది?" అలల నురగ మీద పెడితే కుదిరింది. ఇప్పుడు ప్రతి రీల్లోనూ ముందు విరిగే అల కోసం వెతుకుతున్నాను.

ఏప్రిల్

ఈ నెలంతా వేగం గొడవ. చూసేవాళ్లకి ఇది చిన్న సంగతే అనిపిస్తుంది, నా మట్టుకు మొత్తం పనిలో ఇంతకన్నా ముఖ్యమైంది లేదు.

స్కానర్ ఇచ్చేది బొమ్మల వరస మాత్రమే. సెకనుకు ఎన్ని వెయ్యాలో ఫిలిం మీద రాసి ఉండదు. ఇప్పటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఊరుకుంటే 24 అనో 25 అనో తీసుకుంటుంది. 18తో తీసింది 24తో వేస్తే వేగం మూడో వంతు పెరుగుతుంది. పాత సినిమాల్లో మనుషులు టకటకా నడిచే హాస్యం అదే. జనానికి అదెంత అలవాటైపోయిందంటే, పాత ఫిలిం అంటే అలాగే ఉంటుందనుకుంటారు.

మావయ్య కెనాన్ సూపర్ 8 కెమెరాలో 18, 24 రెండూ ఉన్నాయి. ఏ రీలు దేనితో తీశాడో తేల్చాలి. రుషికొండ రీల్లో ఆధారం దొరికింది. పెద్దన్నయ్య రబ్బరు బంతి నిలువుగా పైకి విసిరి పట్టుకుంటున్నాడు, పక్కనే తాతయ్య నిలబడి ఉన్నాడు. తాతయ్య ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలని అమ్మకు గట్టిగా గుర్తు. ఆ కొలతతో చూస్తే బంతి పైన ఆగిన చోటి నుంచి చేతుల్లో పడేదాకా సుమారు రెండు మీటర్లు. రెండు మీటర్లు పడటానికి ఏ బంతికైనా 0.64 సెకను పడుతుంది, అది 1970లలోనైనా, ఇప్పుడైనా. 24తో తీసి ఉంటే ఆ కాలంలో 15 ఫ్రేములుండాలి, 18తో అయితే 11 లేదా 12. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ లెక్కపెట్టాను. పైన ఆగింది ఏ ఫ్రేములోనన్నది కొంచెం అటూఇటూ, కానీ 12 దాటలేదు. 18.

ఇదే పద్ధతి రెగ్యులర్ 8కి పనికిరాదు. వాటికి మామూలు వేగం 16. పదహారుకూ పద్దెనిమిదికీ తేడా ఫ్రేముల్లో చూస్తే ఒకటి, ఒకటిన్నర. ఎత్తు అంచనాలో నాలుగంగుళాలు తప్పితే ఆ తేడాలో పావు వంతు దానికే పోతుంది. పైగా అవి తీసింది కీ ఇచ్చే కెమెరాతో. స్ప్రింగు సడలుతున్నకొద్దీ కెమెరా నెమ్మదించొచ్చు, అప్పుడు తెర మీద మనుషులు పరుగందుకుంటారు. ఒక్కో షాటు చివర అలాంటి తొందర కనబడుతోంది కూడా. వాటి సంగతి తర్వాత.

వేగం ఎందుకంత ముఖ్యమో నాకు తెలిసింది అత్తయ్య వల్ల. ఆర్.కె. బీచ్ రీల్లో ఒక షాటుంది. దూరంగా, తడి ఇసుక మీద, ఐదారుగురు ఆడవాళ్లు కెమెరాకి వీపు పెట్టి నడుస్తున్నారు. మనిషి ఫ్రేములో సగం ఎత్తున్నా పట్టీ మీద రెండు మిల్లీమీటర్లే, అందులో తల పావు మిల్లీమీటరు. ఇక్కడ మనుషులు అంతకన్నా చిన్నగా ఉన్నారు, ముఖాలంటే ఫిలిం రేణువులే. అదే షాటును 16, 18, 24 వేగాల్లో మూడు ఫైళ్లు చేసి, ఏది ఏదో చెప్పకుండా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అత్తయ్యకు ఎనభై దాటాయి, కంటి ఆపరేషన్ అయినా చూపు అంతంతమాత్రం. మనవరాలు ఫోన్ పట్టుకుంటే మూడూ చూసింది. 24 దానికి "ఎవరో పనివాళ్లలా పరిగెడుతున్నారు" అంది. 18ది నడుస్తుంటే మధ్యలో ఆపించి నాకు ఫోన్ చేయించింది.

"ఒరే నాన్నా, ఆ చివరనున్నది మీ చిన్నమ్మమ్మరా! ఎడం కాలు బయటికి విసురుతోంది చూడు. నూతిగట్టు మీంచి పడ్డ కాలు అది. ఎన్నేళ్లయింది చూసి..."

చిన్నమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. 24 వేగంలో ఆ కాలు విసురుడు గెంతులా ఉంది. 16లో కాళ్లు ఈడుస్తున్నట్టుంది. 18లో మాత్రమే అది ఆవిడ నడక. తర్వాత అమ్మకీ పిన్నికీ విడివిడిగా చూపించాను, ఎవరేమన్నారో ఒకరికొకరు చెప్పుకోకుండా. ఇద్దరూ ఆవిడ పేరే చెప్పారు.

అప్పటి నుంచి సూపర్ 8 ఫైళ్లన్నీ సెకనుకు 18 ఫ్రేములుగానే రాస్తున్నాను, ఒక్క ఫ్రేము కలపకుండా, తీయకుండా. భద్రపరిచే కాపీ నాణ్యత ఏమాత్రం తగ్గించని ఎఫ్ఎఫ్‌వీ1లో, చూసుకునేది మామూలు ఎంపీ4లో. సెకనుకు 60 సార్లు మారే టీవీ తెర మీద 18 సమంగా పడదు, పక్కకి కెమెరా తిప్పిన షాట్లలో కొంచెం కుదుపు ఉంటుంది. ఉండనీ.

మే

డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు (పిన్ని కొడుకు) ఉత్సాహపడి ఆ నడక క్లిప్పును ఏఐ సాఫ్ట్‌వేర్‌లో వేశాడు. 4కె, సెకనుకు 60 ఫ్రేములు. గ్రూపులో పిల్లలందరూ వావ్ అన్నారు. రేణువులు మాయమై, చీర అంచులు గీసినట్టు తేలి, వాళ్లలోనే ఉన్న అమ్మమ్మ పక్కకి తిరిగిన ఫ్రేములో ముఖం కూడా వచ్చింది. కళ్లు, ముక్కు, పెదవులు అన్నీ ఉన్నాయి. అమ్మ చాలాసేపు చూసి అడిగింది, "ఎవరీవిడ?"

తప్పు తమ్ముడిది కాదు, పావు మిల్లీమీటరులో లేని ముఖం ఎక్కడి నుంచి వస్తుంది? సాఫ్ట్‌వేర్ చూసిన వేలాది ముఖాల్లోంచి ఒకటి తెచ్చి అమ్మమ్మకు తగిలించింది. 60 ఫ్రేములకు పెంచడంలో ఇంకో నష్టం. రెండు అసలు ఫ్రేముల మధ్య అది సొంతంగా కల్పించే బొమ్మల్లో పాదం జారుతూ వెళుతుంది, నేల మీద ఆనదు. చిన్నమ్మమ్మ కాలు విసురుడు నున్నగా అయిపోయింది. అలలైతే జిగురులా సాగుతున్నాయి.

తమ్ముడితో అరగంట వాదన. పిల్లలు చూడాలంటే ఇలా ఉండాలన్నయ్యా అంటాడు. వాళ్లు చూడటం కోసం ఒక కాపీ అలా చేసుకో, ఫైలు పేరులోనే ఏఐ అని రాయి, అసలు దాంతో కలపకు అన్నాను. ఒప్పుకున్నాడు. దుమ్ము చుక్కలు, నిలువు గీతలు తీయడానికి నాకూ అభ్యంతరం లేదు, అవి తర్వాత పడ్డవి. రేణువులు ఫిలిం ఒంట్లోనివి, వాటి జోలికి పోను.

ఇవన్నీ మూగ రీళ్లు. పాట పెట్టమని అందరూ అడుగుతున్నారు. పాట బదులు, పెద్దవాళ్లు చూస్తూ మాట్లాడుకునేది రికార్డు చేసి రెండో ఆడియో ట్రాకుగా కలుపుతున్నాను. ఒక్కరినే కూర్చోబెడితే మొహమాటపడి "బాగుంది, బాగుంది" అని ఊరుకుంటారు. ఇద్దర్ని కూర్చోబెడితే గొడవపడతారు, సమాచారం అంతా ఆ గొడవలోనే ఉంది. అమ్మ, పిన్ని బీచిలో మురీలు అమ్మే మనిషి బుట్ట దగ్గర ఎవరు ఎక్కువ తిన్నారన్న దాని మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆ వాదనలోనే ఆ ఏడాది పిన్నికి ఎస్సెస్సెల్సీ పరీక్షలని బయటపడింది. డబ్బా మీద లేని సంవత్సరం దొరికింది.

జూన్

తేదీలు మెల్లగా కుదురుతున్నాయి. పోస్టులో వచ్చిన కొన్ని రీళ్ల డబ్బాల మీద ముద్ర చదవడానికి వస్తోంది. కోడాక్ ఫిలిం అంచున చిన్న వృత్తం, చదరం, త్రికోణం లాంటి గుర్తులుంటాయి, అవి ఫిలిం తయారైన సంవత్సరం చెబుతాయి. తీసింది దానికి ముందు కాదని తెలుస్తుంది, అంతవరకే. గుర్తుల వరస కొన్నేళ్లకు మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి పరికిణీ వేసుకున్న పిన్ని వయసుతో కలిపి చూడాలి.

మిగతాది ఊరే చెబుతుంది. ఆర్.కె. బీచ్ షాట్లలో దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇటు రామకృష్ణ మిషన్ ఆశ్రమం, మధ్యలో బారెడు ఇసుక. కురుసుర జలాంతర్గామి లేదు, అది మ్యూజియంగా ఒడ్డెక్కింది 2002లో. కొన్ని రీళ్లలో ఇసుక చాలా వెడల్పుగా ఉంది, పిల్లలు రోడ్డు దగ్గర మొదలుపెట్టి నీటిని చేరేదాకా ఒక షాటంతా పరిగెడతారు. 1970లలో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి గోడలు కట్టారు. నైరుతి రుతుపవనాల కాలంలో ఒడ్డు వెంట ఉత్తరానికి జరిగే ఇసుకకు ఇలాంటి గోడలు అడ్డం పడతాయి. ఇప్పుడు పోర్టువాళ్లు పూడిక తీసిన ఇసుకను తెచ్చి ఈ బీచిలో పోస్తుంటారు. మావయ్య ఇసుకను తీయలేదు, మమ్మల్ని తీశాడు. మా వెనక ఇసుక ఎంతుందో చూసుకునే అవకాశం ఉత్తినే దొరికింది. ఒకే చోట నిలబడి వేర్వేరు ఏళ్లలో తీసిన షాట్లు పక్కపక్కన పెట్టాలని ఉంది, కానీ ఆటుపోట్ల వేళ తెలియకుండా వెడల్పులు పోల్చితే పొరపాటు. నీడల పొడవుతో వేళను అంచనా కట్టొచ్చు, తేదీ తేలినవాటికి.

మనుషులు సముద్రంతో మెలిగే తీరు కూడా రీళ్లలో పట్టుబడింది. ఆడవాళ్లందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా మోకాల్లోతులో, కుచ్చిళ్లు ఎగదోపుకుని. అల వస్తే అందరూ ఒకేసారి ఎగురుతారు. ఈత ఎవరికీ రాదు. మగవాళ్లు ఇంకొంచెం లోపలికి వెళ్లి, తిరిగి కెమెరాకేసి చెయ్యి ఊపుతారు. పక్కన జాలరులు దుంగల తెప్పను అలల మీదికి తోస్తుంటే పిల్లలు ఆట మానేసి చూస్తున్నారు. ఇప్పుడైతే ఆ జాగాలో ఫైబర్ పడవలు.

ఒక రీలు మన తీరంది కాదు. ఓడ లివర్‌పూల్‌లో ఆగినప్పుడు మావయ్య బ్లాక్‌పూల్ వెళ్లాడు. ఇనప టవరు, ట్రాములు, ఇసుకలో గాడిదల మీద సవారీ చేసే తెల్ల పిల్లలు. పెద్దవాళ్లు కోట్లు వేసుకుని గుడ్డ కుర్చీల్లో, గాలికి టోపీలు పట్టుకుని. ఎవరో ఒక తాత ప్యాంటు మడుచుకుని మోకాల్లోతు నీళ్లలో మనవణ్ణి ఎత్తి అల మీదుగా దాటిస్తున్నాడు. మావయ్య ఆ ఒక్క షాటునే ఇరవై సెకన్ల దాకా ఉంచాడు. ఇంట్లోవాళ్లను కూడా అంతసేపు ఎప్పుడూ తీయలేదు.

రెగ్యులర్ 8లో ఒకటి నవ్వు తెప్పించింది. తిప్పి పెట్టడం మరిచి ఒకే సగం మీద రెండుసార్లు తీసినట్టున్నాడు. సింహాచలం మెట్ల మీద అలలు విరుగుతున్నాయి, మెట్లెక్కుతున్న తాతయ్య నడుం దాకా నురగ. దాన్ని విడదీసే దారి లేదు. తమ్ముడు ఏఐతో ప్రయత్నిస్తానంటున్నాడు, చూద్దాం.

ఇక మిగిలింది పసుపు కాగితం రీలు. బాగా ముడుచుకుంది, నూరు ఫ్రేముల పొడవు కొలిస్తే ఉండాల్సినదానికన్నా తక్కువొస్తోంది. ప్రొజెక్టర్ పంజా రంధ్రంలో దిగడం లేదు. పంజా తీసేసి, రబ్బరు రోలరుతో నెమ్మదిగా జరుపుతూ, రంధ్రం అంచు కెమెరాకి కనబడ్డప్పుడు ఆగేలా ప్రోగ్రాం మార్చాను. కొన్ని అడుగులు వచ్చాయి. తెప్పల పక్కన ఎవరో ఒకాయన, తలపాగాతో, కెమెరాకేసి నడిచొస్తున్నాడు. ముత్తాతేమోనని అమ్మ అనుమానం, కానీ అమ్మకప్పుడు ఊహ తెలియని వయసు. ఆయన్ని బాగా ఎరిగిన మనిషి అత్తయ్యే, మేనరికం కదా, ఆయన చేతుల్లోనే పెరిగింది. బంతి లెక్కలు ఇక్కడ పనిచేయవు, కెమెరా స్ప్రింగుదాయె. ఆ షాటుకు 14, 16, 18 మూడు ఫైళ్లు చేసి పెట్టాను. వచ్చే వారం విశాఖ వెళుతున్నాను, ఏది సరైందో అత్తయ్య చెప్పాలి.